పద్దెనిమిది ముడుల తాడు

“...ఇడిపోనాయంటే ఇడిపోనాయి. పైనుంచి సూసినోణ్ని నానా, నువ్వా?”

“ఒళ్లు నాది సోమేశన్నా. కాళ్లు కలిసున్నాయో ఇడిపోనాయో నాకు తెలవదేటి?”

“తెలిస్తే అంత సప్పుడెందుకొచ్చింది? పనసకాయ పడ్డట్టు పడ్డావు.”

“పనసకాయో! అయితే నువ్వే దూకి సూపించు.”

“నాను దూకగలిగితే నీతో ఈ వాదులాటేటి? ఎక్కు, బేగి ఎక్కు. ఆయన గుడి నుంచి వచ్చీసరికి మనం ఉండకూడదు.”

పంపుషెడ్డు గోడకి ఇవతల షాలేమ్‌రాజు ఆగిపోయాడు. నూతి లోతు కొలిచే తాడు చుట్ట భుజానికి ఉంది. కాళ్లకి ఆదివారం బూట్లు ఉన్నాయి. బలిఘట్టం రోడ్డు దిగి, చెరుకు తోటల మధ్య గట్టు పట్టుకుని వారానికి ఆరు రోజులు పొద్దున్నే రైతు అప్పాజీ నూతి దగ్గరికి వస్తాడు. ఆదివారం రాడు. ఆరున్నరకి చర్చిలో మొదటి ఆరాధన. ఈ ఆదివారం మాత్రం రెండో కీర్తన నడుస్తుండగా బెంచీ చివర నుంచి లేచి వచ్చేశాడు. ఎందుకు లేచాడో అడిగితే చెప్పలేడు. కాళ్లు నిలవలేదు, అంతే.

గోడ అవతల రాతిమెట్ల మీద తడికాళ్ల చప్పుడు వినిపించింది. నీళ్ల మీదికి బిగించిన తాటిపట్టె ఒకసారి కిర్రుమంది. కాసేపు ఏమీ లేదు. తర్వాత నీళ్లు చిరిగిన చప్పుడు, చాలా చిన్నది. ఒకప్పుడు ఏళ్ల తరబడి ఆ చప్పుడు విన్న చెవి అది. కాళ్లు కలిసే పడ్డాయని అతనికి చూడకుండానే తెలిసింది.

ఆ అమ్మాయి దేవిశ్రీ. కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం, అతని ఈత జట్టులో ఒకే ఒక ఆడపిల్ల. నేర్పుతున్నవాడు సోమేశ్. పదేళ్ల కిందట ఇదే నూతిలో, ఇదే పట్టె మీద నుంచి, షాలేమ్‌రాజు దూకమంటే దూకి భుజం విరగ్గొట్టుకున్నవాడు.

అతను షెడ్డు దాటి ముందుకి వెళ్లలేదు. వచ్చిన గట్టు మీదనే వెనక్కి నడిచాడు.

వచ్చే శుక్రవారానికి విశాఖలో జరిగే యూనివర్సిటీ పోటీలకి పేర్లు పంపాలి. ఈత గడిలో దేవిశ్రీ పేరు ఎలాగూ ఉంటుంది. డైవింగ్ గడిలో పదేళ్లుగా అతను ఒకటే వాక్యం రాస్తున్నాడు: ‘నీళ్ల లోతు చాలదు.’ ఈ ఏడు దేవిశ్రీకి ఆఖరి ఏడు. ఆటల కోటాలో పీఈటీ చదువుకి సీటు రావాలంటే ఆమెకి మెడల్ కావాలి. ఈతలో ముప్ఫైమంది ఆడపిల్లలు పోటీకి వస్తారు, డైవింగుకి ముగ్గురో నలుగురో. ఈ లెక్క ఆమెకి తెలుసు. అతనికి ఆమె కన్నా ముందే తెలుసు.

*

షాలేమ్‌రాజు పుట్టింది నర్సీపట్నంలోనే, మిషన్ కాంపౌండు వెనక వీధిలో. తండ్రి మిషన్ బడిలో గంట కొట్టేవాడు. ఈత నేర్చుకుంది మాత్రం నాతవరం దగ్గర, అమ్మమ్మగారి ఊళ్లో, తాండవ కాలువలో. అక్కడి పిల్లలకి ఈత ఎవరూ నేర్పరు. కాలువలో పడేస్తారు, వాళ్లే ఒడ్డుకి వస్తారు. అతను ఒడ్డుకి రావడానికి ఇష్టపడని పిల్లవాడు. అమ్మమ్మ గట్టు మీద కర్ర పట్టుకుని కూర్చునేది.

1991లో ఊళ్లోని ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేరాడు. అప్పటికి ఇరవైతొమ్మిదేళ్లు. ఆటస్థలం అంటే లైబ్రరీ వెనక తుప్పలు కొట్టిన జాగా. మరుసటి ఏడు యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది: కాలేజీకి రెండు ఆటలు ఎంచుకోండి అని. అందరూ కబడ్డీ, వాలీబాల్ అని రాశారు. అతను కబడ్డీ రాసి, రెండో గడిలో స్విమ్మింగ్ అండ్ డైవింగ్ అని రాశాడు.

“మనకి కొలనేదయ్యా?” అన్నాడు అప్పటి ప్రిన్సిపాలు.

“కాలువుంది కదండీ.”

“కాలువలో ఎనుములు కూడా ఈదుతాయి. వాటి పేర్లు కూడా పంపిస్తావా?”

పంపించింది ఆరుగురు కుర్రాళ్లని. ఆ ఏడు ఏం జరిగిందో స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్పుకుంటారు. విశాఖలో వంద మీటర్ల పోటీ. ఆ పోటీకి దిగిన మనవాళ్లు ముగ్గురూ యాభై మీటర్ల కొలను అందరికన్నా ముందు దాటేశారు. గోడ తగిలింది. తిరగాలని వాళ్లకి తెలియదు. కాలువకి గోడ ఎక్కడుంటుంది? గోడ పట్టుకుని ముగ్గురూ తల పైకెత్తి, ఇప్పుడేం చెయ్యాలన్నట్టు అతనికేసి చూశారు. ఒకడు మెట్లెక్కి బయటికే వచ్చేశాడు, గెలిచాననుకుని.

వచ్చే ఏటికి అతను వాళ్లని కాలువ నుంచి నూతికి మార్చాడు. వ్యవసాయపు నుయ్యి ఈ గోడ నుంచి ఆ గోడకి ఇరవై అడుగులు. మూడు బారలు వేసేసరికి గోడ వస్తుంది, తిరగాలి. మళ్లీ మూడు బారలు, మళ్లీ గోడ. ఆ ఏడు మలుపుల్లో నర్సీపట్నం కుర్రాళ్లని కొట్టినవాళ్లు లేరు. అయితే పాతిక మీటర్లు దాటేసరికి గోడ రాలేదని వాళ్లకి ఊపిరాడలేదు. అప్పటి నుంచి వారంలో మూడు రోజులు కాలువ, మూడు రోజులు నుయ్యి.

డైవింగు నూతితోనే వచ్చింది. ఎద్దులతో మోట తోలిన రోజుల్లో తవ్విన నూతులవి. నీళ్ల మీదికి పొడుచుకొచ్చిన రాతిబల్లలు ఉండేవి. వాటి మీద తాటిపట్టె బిగించి దాన్నే స్ప్రింగ్ బోర్డు అన్నాడు. కొబ్బరితాడుకి అడుగుకో ముడి చొప్పున పద్దెనిమిది ముడులు వేసి, చివర పాత తూకపురాయి కట్టాడు. దూకే ముందు తాడు వదలాలి. పన్నెండో ముడి మునిగితేనే దూకాలి. అది అతను పెట్టిన రూలు.

మొదటిసారి డైవింగుకి తీసుకెళ్లిన కుర్రాడు విశాఖలో మూడు మీటర్ల బోర్డెక్కి, కిందకి చూసి, మెట్ల మీద నుంచి దిగొచ్చేశాడు.

“ఏమైందిరా?”

“అడుగు కనపడతంది సార్.”

“కనపడితే?”

“తగిలీదంటే?”

నూతి నీళ్లు నల్లగా ఉంటాయి. అడుగు కనపడని నీళ్లలోకి వాడు వందసార్లు దూకాడు. కనపడే నీళ్లు వాడికి కొత్త. షాలేమ్‌రాజు నవ్వలేదు. ఆ రాత్రే బస్సులో కూర్చుని, అడుగుకేసి కాకుండా ఎదటి గోడకేసి చూసి దూకే పద్ధతి ఆలోచించాడు. ఆ తర్వాత నాలుగేళ్లలో డైవింగులో మూడు మెడల్సు వచ్చాయి. మూడోది సోమేశ్ తెచ్చాడు, 1997లో, డిగ్రీ మొదటి ఏడాదిలోనే.

అలాంటివాడు మళ్లీ దొరకలేదు. సోమేశ్ పట్టె మీద నిలబడితే పట్టె కిర్రుమనేది కాదు.

*

1998 మార్చిలో పోటీలకి వెళ్లే రోజు అది. ఏడింటికి విశాఖ బస్సు. ఆఖరిసారి రెండు దూకుళ్లు దూకించి తీసుకెళదామని ఆరింటికి సోమేశ్‌ని అప్పాజీ నూతికి రమ్మన్నాడు. ముందురోజు సాయంత్రమే తాడు వదిలి చూశాడు. పద్నాలుగో ముడి మునిగింది.

వ్యవసాయానికి కరెంటు వంతుల వారీగా ఇస్తారు. ఓ వారం పగలు, ఓ వారం రాత్రి. ఆ వారం పగలు ఇవ్వాలి. కరెంటు వాళ్లు చెప్పకుండా వంతు మార్చారు. అప్పాజీ కొత్తగా ఆటో స్టార్టర్ పెట్టించుకున్నాడు; కరెంటు వచ్చినప్పుడు మనిషి లేకపోయినా మోటారు దానంతటదే తిరుగుతుంది. రాత్రంతా తిరిగింది. చెరుక్కి నీళ్లు పోయాయి. నూతిలో ఐదడుగులు తగ్గాయి.

తెల్లవారే వేళ నూతి లోపల ఇంకా మసకగా ఉంది. షాలేమ్‌రాజు ఒంగి చూశాడు. నీళ్ల పైన గోడరాళ్లు తడిగా మెరుస్తున్నాయి, మోకాలి ఎత్తున కాదు, మనిషెత్తున. తడి చూశాడు. మంచు అనుకున్నాడు. తాడు షెడ్డు మేకుకి వేలాడుతోంది.

సోమేశ్ దూకాడు. చప్పుడు సరిగ్గానే వచ్చింది. మనిషే పైకి రాలేదు.

ఎడమ భుజం, మెడ కింది ఎముక విరిగాయి. తల మీద ఏడు కుట్లు. షాలేమ్‌రాజు భార్య కరుణకుమారి అప్పుడు పనిచేస్తున్న నర్సింగ్ హోములోనే చేర్చారు. ప్రాణం నిలిచింది. చెయ్యి భుజం పైకి మళ్లీ లేవలేదు. సోమేశ్ తండ్రి ఆస్పత్రి వరండాలో షాలేమ్‌రాజు చేతులు పట్టుకుని, “మీరేటి సేత్తారు మాస్టారూ, మావాడి రాత” అన్నాడు. అప్పాజీ వచ్చి, “కరెంటోడు నాకు సెప్పలేదు బాబూ, నాను మీకెలా సెప్తాను?” అని కళ్లు తుడుచుకున్నాడు. ప్రిన్సిపాలు ప్రమాదం అని కాగితం రాసి పంపాడు. ఒక్కరంటే ఒక్కరు అతన్ని తిట్టలేదు.

గోడరాళ్ల తడి సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. కరుణకుమారికి కూడా.

సోమేశ్ చదువు మానేశాడు. చెయ్యి పైకెత్తక్కర్లేని పని వెతుక్కుని మోటారు వైండింగు నేర్చుకున్నాడు. అబీద్ సెంటర్ దాటాక ఓ చిన్న షాపు పెట్టాడు. మొదట్లో షాలేమ్‌రాజు వెళ్లి చూసేవాడు. తర్వాత ఆ రోడ్డున వెళ్లవలసి వస్తే, షాపుకి ముందే ఉన్న సందులోకి తిరిగిపోయేవాడు.

డైవింగు మానిపించాడు గాని కొలవడం మానలేదు. అదే ఎవరికీ అర్థం కాలేదు. మొదట సైకిలు మీద, తర్వాత మోపెడ్ మీద, బలిఘట్టం నుంచి కృష్ణదేవిపేట రోడ్డు దాకా నూతులన్నీ తిరిగేవాడు. ఒకచోట పది నిమిషాలు నిలబడలేడు. బోర్లు వచ్చాక నూతులు ఒక్కొక్కటీ ఎండాయి. కొన్నిట్లో చెత్త పోశారు, కొన్నిటిని పూడ్చి ఇళ్లు కట్టారు. ఎండిన నూతిలోకి కూడా తాడు వదిలి, రాయి మట్టికి తగిలిన చప్పుడు విని వచ్చేవాడు.

“ఏటండీ ఆ నూతులు?” అనేది కరుణకుమారి. “సంబంధాలు చూసినట్టు చూసొస్తారు, ఒక్కటీ కుదర్దు. దూకించనప్పుడు లోతు మనకెందుకు?”

“ఉండాలి కదా లెక్క.”

“ఏం లెక్క? అన్నం తింటూ కాలూపకండి, బల్ల కదుల్తోంది.”

*

దేవిశ్రీ 2005లో కాలేజీలో చేరింది. పెంటకోట పిల్ల. తండ్రి వేటకి వెళతాడు, తల్లి అప్పయ్యమ్మ తట్టలో చేపలు వేసుకుని బస్సెక్కి నర్సీపట్నం సంతకి వస్తుంది. పిల్ల హాస్టల్లో ఉండేది. మొదటి రోజు కాలువలో దిగితే మగపిల్లలందర్నీ దాటిపోయింది. తల మాత్రం నీళ్లలో పెట్టదు.

“తల ముంచమ్మా.”

“ముంచితే అల ఎటునుంచి వస్తందో ఎలా తెలుస్తాది సార్?”

“ఇది కాలువ. అల రాదు.”

“రాదని మీరంతే సరిపోద్దేటి?”

తల ముంచడానికి ఆర్నెల్లు పట్టింది. అప్పయ్యమ్మ ఓసారి కాలేజీ గేటు దగ్గర తట్ట దించుకుని అతన్ని పిలిపించింది. “బాబూ, నువ్వేనా మా గుంటకి, దేవిశ్రీకి, ఈత నేర్పుతున్నది? సముద్రంలో పుట్టినదాన్ని తెచ్చి నూతిలో దింపినావట. మావోళ్లందరూ నవ్వుతన్నారు.” నవ్వుతూనే ఆకులో చుట్టిన రెండు చందువ చేపలు చేతిలో పెట్టింది. “ఏదో ఒక సర్టిపికేట్ ఇప్పించీ బాబూ. ఈ తట్ట దానికొద్దు.”

రెండో ఏడు విశాఖలో దేవిశ్రీ డైవింగు చూసింది. తిరుగుప్రయాణంలో బస్సులో అతని సీటు పక్కకి వచ్చి నిలబడింది. “సార్, అది నాకు నేర్పండి.”

“మనకి లోతు లేదమ్మా.”

వారం తర్వాత మళ్లీ అడిగింది. లోతు చాలదన్నాడు. మూడోసారి అడగడానికి ముందు అతని మోపెడ్ మీది తాడు తీసి తనే వదిలింది.

“సార్, పదహారు ముడులు మునిగినాయి.”

“బురద కలిపి వచ్చుంటుంది.”

ఆమె తాడు చివర రాయిని పైకి తీసి అతనికి చూపించింది. రాయికి బురద లేదు. అతను మోపెడ్ స్టార్ట్ చేశాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు. అడగడం మానేసిందని అతను ఊపిరి పీల్చుకున్నాడు. సోమేశ్ షాపు ఎక్కడుందో ఆమె కనుక్కుందని ఈ ఆదివారం దాకా తెలియదు.

*

ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర కరుణకుమారి అడిగింది, “కీర్తన మధ్యలో ఎటెళ్లిపోయారు? పాస్టరుగారు కూడా చూశారు.”

“నూతికి.”

“ప్రభువు దినం కూడా నూతేనా! ఈసారి ఏమంది నుయ్యి?”

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. సోమవారం కాలేజీకి వెళ్లి, రెండో గంటకే బయటపడి, కాలువ గట్టున తిరిగాడు. మంగళవారం దేవిశ్రీ ఈత ప్రాక్టీసుకి వచ్చింది. అతను స్టాప్ వాచ్ నొక్కి, ఆపడం మరిచిపోయాడు. “ఎంతొచ్చింది సార్?” అంది. “బాగానే వచ్చింది” అన్నాడు. ఆ పిల్ల మోచేతుల మీద తాటిపట్టె గీసుకున్న గీరలు కనిపించాయి. ఇన్నాళ్లూ కనిపించలేదా, చూడలేదా అని దారంతా ఆలోచించాడు.

రెండు మాటలు చాలు ఇది ఆపడానికి. అప్పాజీతో ఒక మాట చెబితే నూతి దగ్గరికి రానివ్వడు. హాస్టల్ వార్డెన్‌తో ఒక మాట చెబితే పిల్లని బయటికి వదలరు. రెండు మాటలూ నాలుక మీదనే పెట్టుకుని మూడు రోజులు తిరిగాడు.

బుధవారం సాయంత్రం ఐదింటికి చర్చిలో ప్రార్థన కూటం. వాళ్లు ఆ వేళ కూడా అక్కడే ఉంటారని ఊహించాడు. కరుణకుమారిని చర్చి గేటు దగ్గర దింపి, మోపెడ్ తిప్పాడు. ఈసారి తాడు తీసుకెళ్లలేదు. షెడ్డు దాటి నేరుగా నూతి గట్టు ఎక్కాడు.

దేవిశ్రీ పట్టె మొదట్లో నిలబడి ఉంది. చుడీదార్ చున్నీ నడుముకి బిగించుకుంది. అతన్ని చూసి కదలకుండా ఉండిపోయింది. నీళ్ల మీద ఎవరూ లేరు. నూతి మధ్యలో బుడగలు వస్తున్నాయి. షాలేమ్‌రాజు అప్రయత్నంగా బూటు విప్పబోయాడు.

“కంగారు పడకండి సార్. సోమేశన్న అడుగుకి ఎల్లినాడు. వచ్చీస్తాడు.”

సోమేశ్ తల పైకి వచ్చింది. కుడిచేత్తో ఒక బార వేసి మెట్టు పట్టుకున్నాడు. ఆ పిడికిలి విప్పి, లోపలున్న అడుగు ఇసకని బొటనవేలితో నలిపి చూశాడు. “రాయి లేదు. మెత్తగుంది. ఎక్కు” అంటూ తలెత్తి, మాస్టారిని చూశాడు.

“బుధవారం కదండీ. ప్రార్థన లేదేటి?”

“ఉంది.”

సోమేశ్ మెట్లెక్కి వచ్చి, లుంగీ పిండుకున్నాడు.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు షాలేమ్‌రాజు.

“వినాయకచవితి ఎల్లిన కాడ్నుంచి.”

“నాకు చెప్పలేదేం?”

“నాను అడిగినాను సార్” అంది దేవిశ్రీ పట్టె మీద నుంచే. “మూడుసార్లు. బురదన్నారు.”

షాలేమ్‌రాజు పంపుషెడ్డు కేసి చూశాడు. “మోటారు?”

సోమేశ్ రాతిబల్ల మీద మడిచి పెట్టిన చొక్కా అందుకుని, జేబులోంచి మూడు తెల్లటి పింగాణీ ఫ్యూజులు తీసి అరచేతిలో పరిచాడు. “ఇయి నా జేబులో ఉన్నంతసేపు కరెంటోడు ఏ వంతు ఇచ్చినా మోటారు తిరగదు. అప్పాజీ మావకి సెప్పే తీసాను. దిగే ముందు తీత్తాను, ఎల్లీటప్పుడు పెట్టేత్తాను.”

షాలేమ్‌రాజు ఒక ఫ్యూజు తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ అతని అరచేతిలో పెట్టాడు. పదేళ్లుగా వందల నూతులు కొలిచినవాడికి ఈ పని తట్టలేదు.

“సోమేశూ” అన్నాడు. “ఆ రోజు రాళ్ల మీద తడి చూశాను. మంచనుకున్నాను.”

సోమేశ్ చొక్కా తొడుక్కోడానికి ఎడమచెయ్యి ముందు దూర్చి, తర్వాత కుడిచేత్తో మిగతాది లాక్కున్నాడు.

“సూసినారని తెలుసండి. తాడు కోసం షెడ్డు కేసి తిరిగినారు కూడా. బస్సెల్లిపోద్ది మాస్టారూ అని కేకేసింది నానే. గేపకం లేదా?”

గుర్తులేదు. పదేళ్లలో ఆ ఉదయాన్ని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నాడో, అందులో ఈ కేక లేదు.

“అది వదిలీయండి” అన్నాడు సోమేశ్. “నా సాపు రాకుండా సందులోకి తిరిగిపోయీవోరు సూడండి, ఆ సందులో దారి లేదు మాస్టారూ. సివర గోడుంటాది. తిరిగి రోడ్డు మీదికే రావాలి. మీరు లోపలికెల్లి, ఓ పది నిమసాలు ఆగి, మళ్లీ వచ్చీవోరు. నాను లోపల కూకోని సూసీవోణ్ని. ఎన్ని మార్లు పిలుద్దామనుకున్నానో. పిలిస్తే మీరింకెటెల్తారు పాపం అని ఊరుకున్నాను.”

దేవిశ్రీ నవ్వాపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. షాలేమ్‌రాజు రాతిబల్ల మీద కూర్చున్నాడు. కూర్చుని కాలూపడం మొదలుపెట్టి, ఆపేశాడు.

“దూకమ్మా. చూస్తాను” అన్నాడు.

ఆమె పట్టె చివరికి నడిచింది. చేతులు పైకెత్తింది. మడమలు లేచాయి. గడ్డం కొంచెం పైకుందని షాలేమ్‌రాజు చూశాడు, సముద్రపు అలవాటు. చెప్పేలోగానే దూకింది. చిన్న చప్పుడుతో నీళ్లు మూసుకున్నాయి. అతను లేచి నిలబడి మనసులో అంకెలు లెక్కపెట్టాడు. నాలుగు అనేసరికి తల పైకి వచ్చింది, దూకిన చోట కాదు, అవతలి గోడ దగ్గర.

“ఈసారి కాళ్లు?” అని అరిచింది.

“కాళ్లు సరే. లోపల ఆలస్యం సేసినావు” అన్నాడు సోమేశ్. “ఏళ్లు నీటికి తగిలినయ్యంటే ఇంక అడుగుతో మనకి పని లేదు. ఎంటనే అరసేతులు పైకి తిప్పు, నడుం ఎనక్కి ఇరుసు. నీటిలో నువ్వు పడకూడదు, పోవాలి. పడ్డోడే అడుగుకి ఎల్తాడు. నాను పడ్డాను, నాకు తెలుసు.”

“తిప్పినాను.”

“మూడు అంకెలయ్యాక తిప్పినావు. ఒకటికే తిప్పాలి. ఇంకో మారు.”

షాలేమ్‌రాజు వింటున్నాడు. పట్టె మీద ఎలా నిలబడాలో, ఎటు చూడాలో, గాల్లో నడుం ఎక్కడ వంచాలో, కాళ్లు ఎప్పుడు కలపాలో అతను ఏళ్ల తరబడి కుర్రాళ్లకి చెప్పాడు. అతని పాఠం నీళ్లు తాకే దాకానే. తాకిన తర్వాత ఏం చెయ్యాలో ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. మెడల్ తెచ్చినవాళ్లకి కూడా చెప్పలేదు. మార్కులు అక్కడితో అయిపోతాయి కాబట్టి పాఠం కూడా అక్కడితో అయిపోయింది.

దేవిశ్రీ మళ్లీ ఎక్కింది, మళ్లీ దూకింది. ఆరుసార్లు. ఆరోసారి సోమేశ్ ఏమీ అనలేదు. ఏమీ అనకపోయేసరికి ఆ పిల్లకి అనుమానం వచ్చింది.

“ఏటన్నా? మళ్లీ పనసకాయా?”

“కాదులే. సీతాఫలం.”

చీకటి పడకముందే సోమేశ్ షెడ్డులోకి వెళ్లి ఫ్యూజులు పెట్టి వచ్చాడు. దేవిశ్రీ తడిబట్టల మీద హాస్టల్ శాలువా కప్పుకుంది. ముగ్గురూ గట్టు మీద వరసగా నడిచారు. రోడ్డెక్కాక షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు ఆమె అడిగింది.

“సార్, పేర్లు శుక్రవారం ఎల్తాయి కదా?”

“వెళతాయి.”

“డైవింగు గడిలో ఏటి రాస్తారు?”

ఆటో వచ్చింది. ఆమె రెండోసారి అడగకుండా ఎక్కి, మొహం బయటికి పెట్టి అతనికేసే చూస్తూ వెళ్లింది.

*

గురువారం అతను ఎక్కడికీ వెళ్లలేదు. కాలేజీ నుంచి ఇంటికి వచ్చి వరండాలో నడిచాడు. కరుణకుమారి బియ్యం ఏరుతూ చూసి చూసి చేట కింద పెట్టింది.

“సోమేశ్ దగ్గరికెళ్లారట?”

“ఎవరు చెప్పారు?”

“ఈ ఊళ్లో ఎవరు చెప్పకపోతే తెలీదు? ఏమన్నాడు?”

“ఆ సందులో దారి లేదన్నాడు.”

ఆమెకి అర్థం కాలేదు. అతను పక్కన కూర్చుని, పదేళ్లలో మొదటిసారి ఆమెకి గోడరాళ్ల తడి గురించి చెప్పాడు. అంతా విన్నాక ఆమె, “ఆ పిల్లకి దెబ్బ తగిలితే మళ్లీ ఇంత మోస్తారా?” అంది.

“దూకనివ్వకపోతే?”

“అదీ మోస్తారు. మీరు మొయ్యకుండా ఉండరు.” చేట మళ్లీ అందుకుంది. “ఏది మోస్తారో చూసుకోండి.”

శుక్రవారం పదకొండింటికి ప్రిన్సిపాలు సత్యప్రకాష్ గారు కబురు పంపారు. ఆయన షాలేమ్‌రాజు కన్నా ఎనిమిదేళ్లు చిన్న, ఈ కాలేజీలోనే లెక్కలు చెబుతూ పైకి వచ్చినవాడు. బల్ల మీద ఫారాలు పరిచి, పెన్ను మూత తీసి పెట్టుకున్నారు.

“రండి పి.డి. గారూ, కూర్చోండి. మధ్యాహ్నం టపాలో పోవాలివి. కబడ్డీ అయింది. ఈతలో ఐదుగురు, అదీ అయింది.” ఫారం తిప్పారు. “డైవింగు ఎప్పటిలాగే కదా? రాసేస్తాను.”

“కాదండీ.”

సత్యప్రకాష్ గారు తలెత్తారు. “మనవాళ్లు దూకడం లేదు కదా?”

“ఒకమ్మాయి దూకుతోంది. దేవిశ్రీ. బీఏ ఫైనలియర్.”

“ఆ ప్రమాదం తర్వాత మీరే వద్దన్నారు. నేను అప్పుడు లెక్చరర్ని, నాకు గుర్తుంది. మళ్లీ ఏమైనా జరిగితే, ఆడపిల్ల, వాళ్లవాళ్లకి ఏం చెబుతాం? బాధ్యత ఎవరిది?”

“జాగ్రత్త తీసుకునే మనిషి ఉన్నాడండీ.”

“ఎవరు, మీరేగా?”

షాలేమ్‌రాజు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి జరిగింది.

“ఈత వరకే నేను. అమ్మాయి పేరు డైవింగులో రాయండి. కోచ్ అన్నచోట సోమేశ్ అని రాయండి.”